ఐదిండ్ల బట్ట

సంచిని మళ్ళీ మంచం మీద బోర్లించాను. పొద్దుటి నుంచి ఇదే పని, సర్దడం, కుమ్మరించడం, మళ్ళీ సర్దడం. పొట్ట అడ్డం వచ్చి వంగలేక కింద పడ్డ వాటిని కాలి వేళ్ళతో పట్టి పైకి తీసుకుంటున్నాను, ఎవరైనా చూస్తే దీనికి తిక్క లేచిందనుకుంటారు. అనుకోనీ. రేపు పొద్దున ఆపరేషన్, ఈ సాయంత్రమే వచ్చి దవాఖానలో చేరమన్నారు, మా ఆయన ఎల్లస్వామి వాళ్ళమ్మను తీసుకురావడానికి బస్టాండుకు పోయాడు, వాళ్ళు వచ్చేలోపు ఈ సంచి నోరు మూయాలి. అసలు మూసుకోవాల్సింది నా నోరు. నిన్న ఫోన్లో అత్తమ్మతో ఆ మాట అనకముందే మూసుకుని ఉండాల్సింది. అనేశాను. ఇప్పుడు ఆమె బస్సు దిగి, ఆటో ఎక్కి, ఈ గుమ్మంలోకి వస్తే మొహం ఎటు తిప్పుకోవాలో తెలియక చిన్న చిన్న సాక్సులు జత కలుపుతూ కూర్చున్నాను.

సాక్సులు మెత్తగానే ఉన్నాయి. టోపీ, చేతులకు గ్లౌజులు, తల దగ్గర చెవులున్న దుప్పటి, గొడుగులా తెరుచుకునే దోమతెర, డైపర్లు, సబ్బు, పౌడరు. కొని కొన్ని రోజులైంది గాని ఇంట్లోకి వచ్చింది మాత్రం ఇవాళే. ఇన్నాళ్ళూ పక్క గదిలో గ్లోరీ మంచం కింద ఉన్నాయి. గ్లోరీ నాతోపాటే మందుల కంపెనీలో గోలీలు ప్యాక్ చేస్తుంది. ఇద్దరం డ్యూటీ దిగి మెయిన్ రోడ్డు మీద పిల్లల బట్టల షాపుకు పోయాం. అక్కడి పిల్ల బాబుకా పాపకా అని అడిగితే నేను బదులు చెప్పకుండా ఫ్యాను వైపు చూశాను, గ్లోరీయే ఎవరికైనా పనికొచ్చేవి చూపించమంది. తీరా కొన్నాక వాటిని ఇంటికి తెచ్చుకోవడానికి నాకు గుండె చాల్లేదు. నీ దగ్గర పెట్టుకో అన్నాను. వాళ్ళ ప్రభువుకు ఇలాంటి పట్టింపులేమీ లేవంటుంది, కానీ వాళ్ళమ్మ కూడా బిడ్డ పుట్టకముందు ఏదీ కొననియ్యదట, అందుకని ఎందుకని అడగకుండా మంచం కిందికి తోసేసింది. అంటే నేను దేన్నీ నమ్మనని అందరి మీదా ఎగురుతూనే, నమ్మిన దానిలాగా దొంగచాటుగా దాచుకున్నానన్నమాట. నాలాంటి దాన్ని ఏమనాలి. ఇవాళ మధ్యాహ్నం డ్యూటీకి పోతూ గ్లోరీ ఆ కవరు నా చేతిలో పెట్టి, తల మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని ఏదో చెప్పుకుని పోయింది. ఆ చెయ్యి ఇంకా తల మీదే ఉన్నట్టుంది.

ఇంతా కొంటే, నర్సమ్మ అడిగింది ఇవేవీ కాదు. మొన్న చూపించుకోవడానికి పోయినప్పుడు ఏమేం తెచ్చుకోవాలని అడిగాను. అవన్నీ తర్వాత, ముందు మెత్తటి పాత నూలు గుడ్డలు ఎన్ని దొరికితే అన్ని తెచ్చుకో అంది, కొత్త గుడ్డకు గంజి ఉంటుందట, పుట్టిన పిల్ల తోలు కందిపోతుందట. పాత నూలు గుడ్డ! ఇల్లంతా వెతికాను. నా చీరలన్నీ జారిపోయే పాలిస్టరు, ఎల్లస్వామివి ప్యాంట్లు, టీషర్ట్లు, ఇద్దరివీ కంపెనీ యూనిఫాంలు. మా అమ్మ నేను పదో తరగతిలో ఉండగానే పోయింది, ఆమె చీరలు ఆమెతోనే పోయాయి. ఇన్ని సామాన్లు కొనే తాహతు ఉండి, మెత్తబడిన గుడ్డ ముక్క ఒక్కటి లేదు మా ఇంట్లో. ఒక గుడ్డ మెత్తబడాలంటే ఎంతమంది కట్టాలో, ఎన్నిసార్లు ఉతకాలో, అదెక్కడ అమ్ముతారు? ఉన్నది ఒక్క అత్తమ్మ దగ్గర. అది నిన్న ఆమె చెప్పనే చెప్పింది. చెబుతుంటేనే నాకు మండింది.

కల్వకుర్తి దాటాక మా ఊరు, అక్కడ అత్తమ్మ ఇప్పటికీ గొర్లు కాస్తుంది. గుర్వమ్మ అంటే ఊరంతా తెలుసు. మామ పోయాక మందను అమ్మేయమని అందరూ అన్నారు, కట్టె చేతపట్టి తానే తోలుకుపోయింది. ఉప్పు అయిపోతే చప్పగా తింటుందిగాని పక్కింటి గడప ఎక్కదు. ఆ మనిషి నిన్న ఫోన్ చేసి మెల్లగా, సిగ్గుపడుతున్నట్టు చెప్పింది.

"ఐదిండ్లు తిరిగి బట్టలు అడుక్కచ్చిన బిడ్డా. పుట్టంగనే గివే సుట్టాలె. కొత్తది మీదెయ్యకుండ్రి."

మా దిక్కు ఒక బిడ్డ పోయాక పుట్టే బిడ్డకు అలా చేస్తారు. ఇది మా బిడ్డ కాదు, మేం కోరుకున్నది కాదు, ఎవరో పడేస్తే ఎత్తుకొచ్చాం, బిచ్చమెత్తిన గుడ్డలో పడుకోబెట్టాం అని దిష్టికి అబద్ధం చెప్పడం. అందుకే ఊళ్ళో అన్ని పెంటయ్యలు, పెంటమ్మలు. నాతో బళ్ళో బిక్షపతి అని ఒకడుండేవాడు, అడుక్కొచ్చినోడా అని ఏడిపించేదాన్ని. వాడికి ముందు వాళ్ళమ్మ ఎంతమందిని మట్టిలో పెట్టిందో ఎవరైనా చెప్పారా నాకు. ఆ పేరు మీద నవ్వాను గాని, ఆ పేరు పెడుతున్నప్పుడు ఆమె ఎంత భయపడి ఉంటుందో ఇప్పుడు తెలుస్తోంది.

నిన్న మాత్రం అది తెలియలేదు. ఎవరెవరి ఇండ్లలో అడిగావని గద్దించాను. గది చెప్పొద్దు బిడ్డా, ఎవలియో తెలిస్తె అది అడుక్కున్న బట్ట కాదు అంది. ఇక నేను ఆగలేదు. మూడేళ్ళ నుంచి లోపల పెట్టుకున్నదంతా నోట్లోకి వచ్చింది.

"మేమేమన్న లేనోళ్ళమా అత్తమ్మా? ఎవలెవలియో ఇడిసిన బట్టలు నా బిడ్డకు ఎక్కయి. పోయినసారి ఇల్లంత ఊడ్సుకపోయినవ్, ఒక్కటి ఉంచలేదు. వస్తె ఉత్త చేతులతోని రా. లేకుంటె రాకు."

ఫోన్లో ఆమె వెనక ఒక గొర్రె అరిచింది. తర్వాత ఫోన్ పెట్టేసింది, కోపంగా కాదు, మామూలుగానే పెట్టేసింది, అదే నన్ను నిన్నటి నుంచి తినేస్తోంది. తిట్టినా బాగుండేది. నువ్వు ముందే కొన్నావు గనకే అట్లయింది అని ఈ మూడేళ్ళలో ఒక్కసారన్నా అంటే, నేను కూడా నాలుగు అని, ఇద్దరం ఏడ్చి, అన్నం తిని పడుకునేవాళ్ళం. ఊళ్ళో అందరూ అన్నారు ఆ మాట. ఆమె అనలేదు. అననిదాన్నే నేను రోజూ విన్నాను.

ముందే కొన్న మాట నిజమే. పెళ్ళయిన కొత్త, మొదటి కడుపు, ఫోన్లో వేలు పెడితే చాలు గుమ్మం ముందుకు డబ్బా వచ్చేది. కాళ్ళకు అడ్డంపడేటంత ఉయ్యాల, నీళ్ళు పోసే తొట్టి, అందులో పడుకోబెట్టే జాలీ, పాలసీసాలు ఉడికించే గిన్నె, నడవడం రాని పిల్లకు బూట్లు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, వెంటనే నవ్వు ఆగిపోతుంది. పసుపు పచ్చ గౌను ఒకటి, దాని మీద బాతు బొమ్మ. పసుపైతే ఎవరు పుట్టినా పనికొస్తుందని. దాని మీదికి కుల్ల మాత్రం నేనే కుట్టాను. చిన్నపిల్లల టోపీని మేం కుల్ల అంటాం, గడ్డం కింద కట్టుకోవడానికి తాళ్ళుంటాయి. ఆకుపచ్చ రిబ్బను తెచ్చి, రాత్రిళ్ళు కూర్చుని కుట్టి, తీరా చూస్తే తాళ్ళు వెనక్కి కుట్టాను. కడితే ముడి మెడ వెనక పడుతుంది. ఎల్లస్వామి దాన్ని తన మోకాలికి తొడిగి ముడి వేసి, నీ బిడ్డకు మొహం వెనక ఉంటదేమో అని పడీపడీ నవ్వాడు. విప్పి మళ్ళీ కుడదామనుకున్నాను. కుట్టలేదు. పుట్టాక కుడదాంలే అనుకున్నాను.

అప్పుడే అత్తమ్మ వచ్చింది ఒకసారి. ఉయ్యాలను చూసి గుమ్మంలో ఆగిపోయింది. ఇప్పుడే ఎందుకు బిడ్డా అంది. కాసేపయ్యాక నేను వంటింట్లోంచి చూస్తే నేల మీద కూర్చుని ఆ కుల్లను పిడికిలికి తొడుక్కుని, అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. నన్ను చూసి గబుక్కున తీసి పెట్టేసింది. ఆ రోజు ఆమెను పలకరించి పక్కన కూర్చుని ఉంటే ఏం పోయేది? కూర బాగుందా అని అడిగాను.

నెలలు నిండాక కడుపులో బిడ్డ కదలడం ఆగింది. పేగు మెడకు చుట్టుకుందని డాక్టరమ్మ చెప్పింది, ఎవరి తప్పూ కాదని కూడా చెప్పింది, నేనే సగం విన్నాను. ఆడపిల్ల. మొహం చూపించమంటే వద్దన్నారు, అత్తమ్మే చూసింది, ఆమే ఎత్తుకుపోయింది. దవాఖాన నుంచి ఇంటికి వచ్చేసరికి గదంతా ఊడ్చి కడిగి ఉంది. ఉయ్యాల లేదు, తొట్టి లేదు, ఒక సాక్సు కూడా లేదు. గోడకు మేకు మిగిలింది. ఎక్కడ పెట్టావని అడగలేదు, అడిగే ఓపిక లేదు. కాల్చేసి ఉంటుంది, లేదంటే వాగులో కలిపి ఉంటుంది, పోయినవాళ్ళవి అట్లాగే చేస్తారు కదా. ఎల్లస్వామిని అడిగితే నాకు తెల్వదన్నాడు, తనకు అప్పుడు అన్నం ముద్ద ఏ వైపు పెట్టుకోవాలో కూడా తెలియడం లేదు. నా కుల్ల కాల్చే హక్కు ఈమెకెక్కడిది, ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకోనిస్తే ఏం పోయేదని లోపల లోపల రగులుకున్నాను. మూడేళ్ళు. ఆమె పంపిన నెయ్యి తిన్నాను, ఆమె వచ్చి కాళ్ళు ఒత్తితే ఒత్తించుకున్నాను, నవ్వలేదు.

కంపెనీ సైరను మోగింది. ఇంకా రాలేదేంటి వీళ్ళు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమైనప్పటి నుంచి కల్వకుర్తి బస్సు ఊపిరాడకుండా వస్తుందట, నిలబడే వస్తోందేమో ముసలిది, ఆధార్ కార్డు కవరులో పెట్టి మెడకు వేలాడేసుకుని. లోపల బిడ్డ పక్కటెముక కింద తన్నింది. తన్ను, ఇంకా తన్ను. తన్నకపోతే నాకు భయం. రాత్రి నిద్ర లేపి మరీ తన్నించుకున్నాను.

ఐదిండ్లు ఏవై ఉంటాయి? పొద్దుటి నుంచి కళ్ళ ముందు అదే తిరుగుతోంది, ఉప్పు అడగని మనిషి కొంగు పట్టుకుని గడప ముందు నిలబడటం. ఎట్లా అడిగి ఉంటుంది, ఏ గొంతుతో? లోపలి నుంచి ఎవరన్నా నవ్వి ఉంటారా? యాదలక్ష్మి ఇంటికి కూడా పోయి ఉంటుంది, పక్కిల్లే కదా. యాదలక్ష్మికీ నాకూ ఒకే నెలలో కడుపు నిలిచింది. నాకు అట్లయిన వారంలోనే ఆమెకు కొడుకు పుట్టాడు. ఆ తర్వాత ఊరికి పోయినప్పుడల్లా నేను ఆ ఇంటి ముందు నుంచి నడవలేదు, వెనక సందులోంచి పోయాను. బీరప్ప పండుగకు డోళ్ళు మోగుతుంటే ఆమె వాడిని చంకనేసుకుని నవ్వుకుంటూ ఎదురొచ్చింది, ఇదిగో వీడు మీ అత్తమ్మను పిలుస్తున్నాడు అని ఏదో చెప్పబోయింది. నేను తల తిప్పుకుని డోళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాను. వాడు ఏ రంగు వేసుకున్నాడో కూడా చూడలేదు. ఈపాటికి ఉరుకుతూ ఉంటాడు. నా దానికీ అంతే వయసు.

పెళ్ళైన మొదటేడు ఒకటి చూశాను, ఇవాళ ఎందుకో అది కూడా గుర్తొస్తోంది. ఒక గొర్రెకు పిల్ల చనిపోయింది, ఇంకో పిల్లకు తల్లి చనిపోయింది. అత్తమ్మ ఆ చనిపోయిన పిల్ల తోలు తీసి, తల్లి లేని పిల్లకు చొక్కాలా కప్పి కట్టింది. గొర్రె దగ్గరికి వచ్చి వాసన చూసింది, ఇంకోసారి చూసింది, తర్వాత కాళ్ళు ఎడం చేసి నిలబడి పాలు తాగనిచ్చింది. నేను చూడలేక బయటికి పరుగెత్తాను. అత్తమ్మ వెనకే వచ్చి చెంబుతో నీళ్ళిచ్చింది. "మోసమే బిడ్డా. అయితేంది, రెండు బతికినయి" అంది. ఆమె చేతికి ఇంకా రక్తం ఉంది, ఆ నీళ్ళు నేను తాగలేదు.

ఆటో చప్పుడు. లేచి చీర సర్దుకున్నాను. ఏమనాలి? రా అత్తమ్మా అంటే చాలు. నిన్నటి మాట ఎత్తకూడదు, ఆమే ఎత్తితే అప్పుడు చూద్దాం. మూట తెచ్చి ఉంటే తీసుకోవాలి, నర్సమ్మ కూడా పాతవే తెమ్మంది కదా అని నవ్వేయాలి. ఇదంతా అనుకునే లోపలే ఎల్లస్వామి గుమ్మంలోకి వచ్చాడు. వెనక ఎవరూ లేరు. చేతిలో మూట ఒకటి ఉంది.

"అమ్మ రాలే రాణీ. కండక్టర్‌కిచ్చి గీ మూట పంపింది."

ఏమన్నదని అడిగాను. చెప్పులు విడుస్తూ, నా వైపు చూడకుండా చెప్పాడు.

"ఉత్త చేతులతోని రమ్మన్నవట నువ్వు. నా చేతులు ఉత్తగలెవ్వు కొడుకా, బట్టలన్న పోనీ అని ఫోన్ల అన్నది. గంతే."

మంచం మీద కూర్చున్నాను. రావడమా, బట్టలా అని నేను అడిగాను, ఆమె బట్టలను పంపింది. మూట ఆమె పాత ముతక చీర కొంగులో కట్టి ఉంది, కొంచెం గొర్ల వాసన, కొంచెం ఎండ వాసన. ముడి గట్టిగా ఉంది, ఎల్లస్వామి పళ్ళతో విప్పాడు. పైన ఎవరిదో ధోవతి ముక్క, వెన్నలా ఉంది. దాని కింద వెలిసిపోయిన పూల చీర ముక్క, అంచులు మడిచి కుట్టి. ఎవరింట్లోదో పసిపిల్ల దుప్పటి, మధ్యలో మాసికతో. తెల్లటి తువ్వాల. నాలుగిండ్లు. నర్సమ్మ అడిగింది ఇవే. అన్నిటికంటే అడుగున పసుపు పచ్చగా ఏదో కనబడింది.

బాతు బొమ్మకు ఇప్పుడు ముక్కు ఒక్కటే మిగిలింది. పసుపు తెల్లబడింది, మెడ దగ్గర పాలు కక్కిన మరక ఉతికినా పోలేదు, ఒక గుండీ మార్చి వేరే రంగుది వేశారు. గౌను మడత లోపల కుల్ల ఉంది. ఆకుపచ్చ తాళ్ళు. వెనక్కి కుట్టిన తాళ్ళు. నేను పుట్టాక విప్పి కుడదామనుకున్నవి, ఎవరూ విప్పలేదు, అట్లాగే వాడారు. ముడి ముందుకు రావడానికి కుల్లనే తిప్పి తొడిగారేమో, ఆ తాళ్ళ కొసలు రెండూ నమిలి నమిలి దూదిలా అయిపోయి ఉన్నాయి. పళ్ళు వస్తున్నప్పుడు నమిలి ఉంటాడు. పండుగనాడు నేను తల తిప్పుకుని చూడని యాదలక్ష్మి కొడుకు.

ఎల్లస్వామి నా చేతిలోంచి కుల్ల తీసుకుని అప్పటిలాగా మోకాలి మీద పెట్టుకున్నాడు, కాని తొడగలేదు. దాని తాళ్ళు సరిచేస్తూ చెప్పాడు.

"ఆ దినం అమ్మ అన్ని మూట గట్టుకొని ఊరికి వోయింది. నేనడగలే."

అడగలేదు, ఎల్లస్వామీ అడగలేదు, నేనూ అడగలేదు. కాల్చలేదు ఆమె. పక్కింట్లో పుట్టిన పిల్లవాడికి తొడిగింది, వాడి ఒంటి మీద నా బిడ్డ బట్టలు తిరుగుతుంటే రోజూ చూసింది, ఇప్పుడు తానే ఇచ్చిన వాటి కోసం పోయి ఆ గడప ముందే కొంగు పట్టింది. ఎవరివో చెప్పొద్దని నోరు కట్టుకుంది. చెప్పి ఉంటే నేను అంత మాట అనేదాన్నా, అనేదాన్నేమో, నా నోరు నాకు తెలుసు. ఎవలెవలియో ఇడిసిన బట్టలు నా బిడ్డకు ఎక్కయి అన్నాను. నా బిడ్డవే అవి.

కుల్లను ముక్కు దగ్గర పెట్టుకున్నాను, గొర్రె చూసినట్టే, ఒకసారి, ఇంకోసారి. పాల వాసన ఉంది. షాపులో కొన్నవన్నీ పక్కకు నెట్టి ఆ గుడ్డల్ని ఒక్కొక్కటిగా సంచిలో పెట్టాను, ధోవతి ముక్క, పూల చీర, మాసిక దుప్పటి, తువ్వాల, గౌను. కుల్ల అన్నిటికంటే పైన, పుట్టగానే చేతికి అందేలా. ఎల్లస్వామి ఆలస్యమవుతోంది, పోదాం అన్నాడు. ఆగు అని ఫోన్ చేశాను. తప్పయింది అనే మాట మా ఇండ్లలో ఎవరూ ఎవరితోనూ అనగా వినలేదు, దాన్ని ఎట్లా మొదలుపెడతారో కూడా నాకు తెలియదు. మొదటి రింగుకే ఎత్తింది. వెనక గొర్లు అరవడం లేదు, బస్సు హారన్లు, ఎవరో ఊర్ల పేర్లు పిలుస్తున్నారు. మూట ఎక్కించినప్పటి నుంచి ఆమె ఇంటికి పోలేదు.

"తిన్నవా అత్తమ్మా?" అన్నాను.

"తినలే బిడ్డా." హారన్ల మధ్య గొంతు కొంచెం పెంచింది. "నా చేతులు గిప్పుడు ఉత్తయే. రమ్మంటవా?"